లేజర్‌తో చేసిన ద్రవం నీలంగా మెరిస్తే కార్బన్ డాట్లు తయారైనట్టేనా?

ఎసిటోన్‌లో గ్రాఫైట్ పొడి కలిపి లేజర్ ప్రసరింపజేస్తే ఆ ద్రవం అతినీలలోహిత దీపం కింద నీలంగా మెరిసిందనీ, అవి కార్బన్ డాట్లేనని (నానోమీటర్ల పరిమాణంలో ఉండి మెరిసే కార్బన్ కణాలేనని) థీసిస్‌లో రాసుకోవచ్చా అనీ అడిగారు. పొడి కలపని ఎసిటోన్‌ను అదే లేజర్ ముందు అంతేసేపు ఉంచి చూసేదాకా రాయవద్దు.

మా ప్రయోగశాలలో ఒక జూనియర్ 800 నానోమీటర్ల ఫెమ్టోసెకండ్ లేజర్‌తో (అత్యల్ప వ్యవధి స్పందనలతో తీవ్రమైన కాంతినిచ్చే లేజర్) ఇదే పని చేసి, "అన్నా, వచ్చేశాయి!" అంటూ క్యువెట్ (ద్రవం పోసి కాంతిలో పరీక్షించే చిన్న పారదర్శక పాత్ర) పట్టుకొని వచ్చాడు. లైట్లు ఆర్పి చూస్తే నిజంగానే కనులపండువగా ఉంది. వట్టి ఎసిటోన్ సంగతేమిటని అడిగితే, అందులో ఏముంటుందన్నట్టు చూశాడు. ఆ సాయంత్రమే పొడి లేని క్యువెట్‌ను పెట్టించాను. కిరణం కేంద్రీకృతమైన చోట సన్నని తెల్లటి గీత, దాని వెంట పైకి లేస్తున్న చిన్న చిన్న బుడగలు, ఎదుటి కాగితం మీద చుట్టూ రంగుల వలయాలున్న తెల్లని మచ్చ కనిపించాయి. కొంతసేపటికి ద్రవం లేత పసుపుకు తిరిగింది. దీపం కింద పెడితే అదీ నీలంగానే మెరిసింది. ఎసిటోన్ అణువులోనూ కార్బన్ ఉంది కదా. ఆ తీవ్రతకు అణువులే తెగి, మళ్లీ అతుక్కొని, కాంతినిచ్చే పదార్థాలవుతాయి.

ఈ రంగంలో అందరూ ఉదహరించే 2006 నాటి క్లెమ్సన్ విశ్వవిద్యాలయ ప్రయోగంలో, యా-పింగ్ సన్ బృందం గ్రాఫైట్ పొడి, సిమెంట్ కలిపి చేసిన దిమ్మను ఆర్గాన్, నీటి ఆవిరి నడుమ 900 డిగ్రీల సెల్సియస్ వద్ద లేజర్‌తో కొట్టినప్పుడు దొరికిన కణాలు మెరవలేదు. నైట్రిక్ ఆమ్లంలో మరిగించినా మెరవలేదు. పాలిథిలీన్ గ్లైకాల్ అనే పాలిమర్ వంటి అణువులను ఉపరితలానికి తగిలించాకే వెలిగాయి. అంటే కార్బన్ కణమైనంత మాత్రాన మెరవదు. ఆ పత్రాన్ని ఉదహరించేవారిలో ఎందరు చివరిదాకా చదివారో నాకు అనుమానమే.

ఉత్తేజ తరంగదైర్ఘ్యం (ద్రవంపై వేసే కాంతిది) మార్చినకొద్దీ ఉద్గార శిఖరం (ద్రవం వెలువరించే కాంతిలో అత్యంత ప్రకాశవంతమైన చోటు) జరుగుతోందని, అదే కార్బన్ డాట్లకు రుజువని సంబరపడేవారిదీ ఇదే ధోరణి. పలుచని జల ద్రావణంలో నీటి రామన్ శిఖరం (నీటి అణువులే కాంతిని తరంగదైర్ఘ్యం మార్చి వెదజల్లడం వల్ల కనిపించేది) కూడా 350 నానోమీటర్ల ఉత్తేజానికి 397 దగ్గర, 400కు 463 దగ్గర కనిపిస్తూ, అచ్చం అలాగే జరుగుతుంది. వట్టి నీటి వర్ణపటాన్ని పక్కన పెట్టని గ్రాఫును నేను నమ్మను.

మీ దగ్గర ద్రవం మిగిలి ఉంటే, కాలమ్ క్రొమటోగ్రఫీతో (మిశ్రమాన్ని ఒక గొట్టంలోని పదార్థం గుండా పంపి వేరుచేసే పద్ధతి) భిన్నాలుగా, అంటే వేర్వేరు భాగాలుగా విడదీసి, ఏ భిన్నం మెరుస్తుందో చూడండి. మెరిసే భిన్నంలో కణాలే లేకపోతే, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చిత్రంలో మీరు చూసిన కణాలకూ ఆ వెలుగుకూ సంబంధం లేదు.