పాపా, ఫోన్ పోకముందే ఒక గంట కూర్చో

పాపా,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసి చెప్పింది, మొదటి జీతం రాగానే ఈఎంఐలో కొత్త ఫోన్ కొన్నావంట, పీజీ కూడా మారతహళ్లి బ్రిడ్జి దగ్గరే దొరికిందంట. చానా సంతోషం. ఈ బెంగళూరులో నేను 19 ఏళ్ల నుంచి ఉన్నా కదా, కొత్త ఫోన్‌కి ఏ కవర్ వేయాలి, ఏ గ్లాస్ అంటించాలి అని నీకు చెప్పేవాళ్లు చానామంది ఉంటారు, నేను మాత్రం వేరే సంగతి చెప్తా, ఆ ఫోన్ పోతే ఏం చేయాలి అనేది. అపశకునం మాటలు అనుకోవద్దు. పోయిన ఏడాది నాకు జరిగింది మీ అమ్మకి సగమే తెలుసు, మొత్తం నీకు చెప్తున్నా.

ఆరోజు ఆఫీసు అయ్యాక 500డీ బస్సు ఎక్కినా, సిల్క్ బోర్డ్‌లో దిగేసరికి బ్యాగు బయటి జేబు జిప్పు తీసి ఉంది, ఫోన్ లేదు. అప్పుడు ఆరూ ముప్పావు. పక్కన నిలబడిన ఒకామె ఫోన్ అడిగి నా నంబరుకి కొట్టినా, మోగింది. మళ్లీ కొట్టినా, మోగింది. ఇంక ఎవరో ఎత్తుతారు, సీటు కింద పడి ఉంటుంది అని ఆశపడి కొడతానే ఉన్నా, తర్వాత స్విచాఫ్ అని వచ్చింది. ఆటోలో బస్సు వెనకాల పోయి కండక్టర్ని అడిగినా, ఇంటికొచ్చి మీ చిన్నాయనతో మాట్లాడినా, సిమ్ బ్లాక్ చేయించేసరికి తొమ్మిది దాటింది. ఆ రెండు గంటల్లో నా కార్డుతో రెండుసార్లు ఆన్‌లైన్‌లో కొన్నారు, మొత్తం 37,500 రూపాయలు.

ఎట్ల జరిగింది అంటావేమో, ఫోన్‌కి లాక్ ఉంది కదా, వేలిముద్ర ఉంది కదా అని. లాక్ ఫోన్‌కి ఉంది పాపా, సిమ్‌కి లేదు. వాడు పిన్ను పెట్టి సిమ్ బయటికి లాగి ఇంకో ఫోన్‌లో వేసుకున్నాడు, అంతే, నా ఓటీపీలన్నీ వాడికి పోయినాయి. నేనేమో డెబిట్ కార్డుని ఫోన్ వెనక కవర్లో పెట్టుకునేదాన్ని, మెట్రోలో బస్సులో చేతికి అందుతుందని. కార్డు నంబరు, వెనక మూడంకెల సీవీవీ, ఓటీపీ వచ్చే సిమ్, మూడూ ఒకేచోట కట్టి ఇచ్చినట్టయింది. బ్యాంకోళ్లు ఓటీపీ కరెక్టుగానే కొట్టినారు కదా మేడం అన్నారు. ఆ డబ్బులో కొంత వెనక్కి వచ్చింది, చానా నెలలు తిరిగినాక.

అందుకే మొట్టమొదట నీ కవర్ తీసి చూడు. కార్డు గానీ, మడిచిన ఆధార్ జిరాక్స్ గానీ ఉంటే ఇప్పుడే తీసెయ్.

తర్వాత సిమ్‌కి పిన్ పెట్టు. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీలో సిమ్ లాక్ అని ఉంటుంది, అది ఆన్ చేసేముందు నీ సిమ్ కంపెనీకి ఫోన్ చేసి మొదట ఉండే పిన్ ఎంతో అడుగు, ఊహించి కొట్టొద్దు, మూడుసార్లు తప్పు కొడితే పీయూకే అని ఇంకో కోడ్ అడుగుతుంది, అది కూడా పదిసార్లు తప్పైతే ఆ సిమ్ చచ్చిపోయినట్టే, కొత్తది తెచ్చుకోవాల్సిందే. పాత పిన్ కొట్టి నీకు గుర్తుండే కొత్తది పెట్టుకో, ఫోన్ లాక్ నంబరూ యూపీఐ పిన్నూ ఇదీ మూడూ వేరేవేరే ఉండాల. ఒక ఇబ్బంది ఉంది, ఫోన్ ఆఫై ఆనైన ప్రతిసారీ ఈ పిన్ అడుగుతుంది, కొట్టేదాకా ఎవరి కాలూ రాదు. ఆ మాత్రం ఓర్చుకో. ఇది ఉన్నప్పుడు దొంగోడు సిమ్ లాగి వేరే ఫోన్‌లో వేసినా పని చేయదు. నీ ఫోన్‌లో ఈ-సిమ్ వేసుకునే వీలుంటే ఇంకా మంచిది, లాగడానికే ఏమీ ఉండదు. లాక్ పడిన స్క్రీన్ మీద మెసేజ్ లోపలి మాటలు కనపడకుండా కూడా పెట్టుకో, లేకపోతే లాక్ తీయకుండానే ఓటీపీ చదివేస్తారు.

ఇంకోటి, నీ సిమ్ ఎవరి పేరు మీద ఉంది? మీ నాయన పేరు మీదే ఉంటుంది, ఇంటర్లో ఉన్నప్పుడు అనంతపురంలో తీసిచ్చినాడు కదా. ఇది చానామంది పట్టించుకోరు. సిమ్ పోయినరోజు డూప్లికేట్ కావాలంటే ఎవరి పేరు మీద ఉందో వాళ్లే ఆధార్‌తో పోవాల, నువ్వు ఇక్కడ ఏడ్చుకుంటా కూర్చుంటే మీ నాయన అక్కడ షాపుకి పోవాల. ఈసారి ఊరికి పోయినప్పుడు నాయన్ని వెంటబెట్టుకుని పోయి నీ పేరు మీదికి మార్పించుకో. డూప్లికేట్ సిమ్ ఇచ్చినాక కూడా మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు, మోసాలు ఆపడానికి ప్రభుత్వమే పెట్టిన నిబంధన అది, మంచిదే, కానీ ఆ ఒక్కరోజు నీకు ఓటీపీ ఏదీ రాదని గుర్తుపెట్టుకో.

ఆ ఒక్కరోజు కోసమే కాగితం. గూగుల్ అకౌంట్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ దగ్గర బ్యాకప్ కోడ్‌లు అని ఉంటాయి, ఎనిమిదేసి అంకెలవి పది కోడ్‌లు ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పని చేస్తుంది. అవి నేను తీసిపెట్టుకోలేదు. ఆ రాత్రి మీ చిన్నాయన ఫోన్‌లో నా జీమెయిల్ తెరుద్దామని పాస్‌వర్డ్ కొడితే, మీ ఫోన్‌కి ఒక నోటిఫికేషన్ పంపినాం, ఎస్ అని నొక్కండి అనింది. ఏ ఫోన్‌కి? పోయిన ఫోన్‌కే! ఆ కోడ్‌లు చేత్తో రాయి, ఫోటో తీసి అదే ఫోన్‌లో దాచుకోవద్దు. అదే కాగితం మీద ఫోన్ ఐఎంఈఐ నంబర్లు, అంటే ఒక్కో ఫోన్‌కీ వేరేగా ఉండే గుర్తింపు నంబర్లు రాయి, *#06# కొడితే వస్తాయి, ఒక్కోటి 15 అంకెలు, రెండు సిమ్‌ల ఫోన్‌కి రెండుంటాయి, రెండూ రాయాల. సిమ్ కంపెనీ కస్టమర్ కేర్ నంబరు, బ్యాంకు కార్డు బ్లాక్ చేసే నంబరు, నా నంబరు, మీ అమ్మ నంబరు కూడా. నవ్వుతావేమో, ఆరోజు నాకు మీ చిన్నాయన నంబరు తప్ప ఒక్కటీ గుర్తు రాలేదు. బిల్లు కూడా ఈమెయిల్‌లో ఉందిలే అనుకోకుండా ప్రింట్ తీసి పెట్టు.

ఇంక సెట్టింగ్స్‌లో గూగుల్ అని ఉన్నచోట తెఫ్ట్ ప్రొటెక్షన్ తెరువు. 2024లో తెచ్చినారు. చేతిలోంచి లాక్కుని పరుగెత్తితే ఆ కుదుపుని పసిగట్టి ఫోన్ తనంతట తానే లాక్ పడేదొకటి ఉంది, రిమోట్ లాక్ అని ఇంకోటి ఉంది, వేరేవాళ్ల ఫోన్ నుంచి నీ నంబరు కొట్టి లాక్ వేసేయొచ్చు, పాస్‌వర్డ్ గుర్తుండాల్సిన పనిలేదు, కానీ రెండూ ముందే ఆన్ చేసి ఉంటేనే. ఫోన్ ఎక్కడుందో చూపించే ఫైండ్ హబ్ కూడా ఆన్‌లో ఉందో లేదో చూసుకో.

డబ్బు మాట అయిపోయింది, ఇప్పుడు చెప్పేది అంతకన్నా పెద్దది. అవ్వ పోయే ముందు రెండేళ్లు నాకు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెట్టేది, నీకూ పెట్టింటుంది. టైప్ చేయడం రాదు కదా, ఆ మైకు బొమ్మ నొక్కిపట్టుకుని, ఒమ్మే తిన్నావా, బెంగళూర్లో వాన పడతాందా, అని. అన్నీ ఆ ఫోన్‌లోనే ఉండె. బ్యాకప్ ఉందనే నమ్మకంతో ఉన్నా. కొత్త ఫోన్ కొని వాట్సాప్ వేస్తే చివరి బ్యాకప్ ఎనిమిది నెలల నాటిది, అందులో వీడియోలు లేవు, అవ్వ ఆఖరి నెలల మాటలు లేవు. ఎందుకంటే గూగుల్ ఫ్రీగా ఇచ్చేది 15 జీబీ, మెయిళ్లు ఫోటోలు అన్నీ అందులోనే, ఇంతకుముందు వాట్సాప్ బ్యాకప్ ఆ లెక్కలోకి వచ్చేది కాదు, 2024లో అదీ కలిపేసినారు, నాది నిండిపోయి బ్యాకప్ ఆగిపోయింది. నోటిఫికేషన్ వచ్చే ఉంటుంది, పక్కకి తోసేసి ఉంటా. నువ్వు ఈరోజే వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్స్‌లోకి పోయి చివరి బ్యాకప్ ఏ తేదీనో చూడు. అవ్వ మెసేజ్‌లు నీ దగ్గర ఏవున్నా సరే, ఒక్కోటి బయటికి తీసి ల్యాప్‌టాప్‌లో ఒకచోట, పెన్‌డ్రైవ్‌లో ఒకచోట పెట్టు, నాకూ పంపు. నేను అడిగే పెద్ద సాయం ఇదే.

ఒకవేళ నిజంగా పోయిందనుకో. మొదట మోగించుకుంటా కూర్చోవద్దు. పక్కవాళ్ల ఫోన్ తీసుకుని రిమోట్ లాక్ వెయ్, దానికి రెండు నిమిషాలు, ఎందుకంటే సిమ్ బ్లాక్ అయినాక ఫోన్‌లో నెట్ ఉండదు, లాక్ మాట దానికి చేరదు. ఆ రెండు నిమిషాల్లో కాకపోతే వదిలేసి సిమ్ కంపెనీకి కొట్టి సిమ్ బ్లాక్ చేయించు, వెంటనే బ్యాంకుకి చెప్పి కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించు. చెప్పిన టైమూ కంప్లైంట్ నంబరూ రాసుకో, మన పొరపాటు ఉన్నా సరే మనం చెప్పిన తర్వాత పోయిన డబ్బుకి బ్యాంకుదే బాధ్యత అని రిజర్వ్ బ్యాంకు 2017లోనే చెప్పింది, అందుకే ఆ టైము నీకు సాక్ష్యం. డబ్బు అప్పటికే పోయి ఉంటే 1930కి కొట్టు, అది దేశమంతటికీ ఒకటే సైబర్ క్రైమ్ నంబరు, ఎంత తొందరగా చెప్తే ఆ డబ్బు అవతలి అకౌంట్లో ఆపడానికి అంత వీలు.

తర్వాత పోలీస్ స్టేషన్. ఇక్కడ ఒక మాట జాగ్రత్త. లాక్కున్నా జేబులోంచి కొట్టేసినా, ఫోన్ కళెదు హోగిదె అనొద్దు, అంటే పోగొట్టుకున్నా అని, వాళ్లు లాస్ట్ రిపోర్ట్ రాసిచ్చి పంపిస్తారు. సార్, నన్న ఫోన్ కళ్లతన ఆగిదె అని చెప్పు, దొంగతనం జరిగింది అని, ఎఫ్ఐఆర్ అడుగు. వచ్చీరాని కన్నడమైనా పర్వాలేదు, ప్రయత్నిస్తే వాళ్లు మనసు పెట్టి వింటారు. ఆ కాపీ, బిల్లు, ఆధార్ పెట్టుకుని సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైట్లో, పోయిన ఫోన్లు బ్లాక్ చేసే సీఈఐఆర్ అనే చోట ఐఎంఈఐలు బ్లాక్ చేయాల, 2023 మే నుంచి దేశమంతా ఉంది. చేస్తే ఆ ఫోన్‌లో ఏ కంపెనీ సిమ్మూ మనదేశంలో పని చేయదు. దానికీ ఓటీపీ డూప్లికేట్ సిమ్‌కే వస్తుంది కాబట్టి ఆ 24 గంటలు ఆగాలి. ఫోన్ దొరికితే మళ్లీ అక్కడే అన్‌బ్లాక్ చేసుకోవచ్చు.

కొన్నిరోజులకి మీ ఫోన్ దొరికింది, ఈ లింకు నొక్కి లాగిన్ అవ్వండి అని మెసేజ్ వస్తే నొక్కొద్దు. అది దొంగోడే పంపేది, నీ పాస్‌వర్డ్ కోసం. నాకు వచ్చింది, ఆశతో నొక్కబోయినా, మీ చిన్నాయన ఆపినాడు.

కొత్తది కొనేదాకా గడవడానికి ఎస్పీ రోడ్‌లో సెకండ్‌హ్యాండ్ తీసుకుంటే అది కూడా ఎవరో పోగొట్టుకున్నది కాకుండా చూసుకో, డబ్బులిచ్చేముందు అక్కడే నిలబడి కేవైఎం అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి స్పేస్ ఇచ్చి ఐఎంఈఐ వేసి 14422కి ఎస్సెమ్మెస్ పంపు, బ్లాక్‌లిస్ట్ అని వస్తే పక్కన పెట్టెయ్, ఎంత తక్కువకిస్తామన్నా సరే.

బస్సు గురించి ఒక్క మాట, ఇక్కడ ఆడవాళ్లకి ఫ్రీ టికెట్ కర్ణాటక అడ్రస్ ఉన్నవాళ్లకే, నీ ఆంధ్రా ఆధార్‌కి ఇవ్వరు, కాబట్టి ఆ తోపులాటలో ఫోన్ బయటికి తీసి యూపీఐలో టికెట్ కొట్టకుండా చిల్లర జేబులో పెట్టుకుని ఎక్కు.

ఆదివారం బొమ్మనహళ్లికి భోజనానికి రా, రాగి సంగటి, పల్లీల పచ్చడి చేస్తా. ఆ కాగితం రెండు కాపీలు రాసుకుని రా, ఒకటి నీ పీజీ ట్రంకులో, ఒకటి కవర్లో అంటించి నా బీరువాలో పెడతా. సిమ్ పిన్ పెట్టడం నీ ఒక్కదానివల్ల కాకపోతే అది కూడా ఆరోజు ఇద్దరం కూర్చుని పెడదాం.

మీ చిన్నమ్మ