నానమ్మ పటం, తాతగారి పద్దు, టీవీ సీరియల్

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. పేరున్న చిత్రకారుడు ఒకరు 1961లో మా ఇంట్లో నెల్లాళ్లు ఉండి మా నానమ్మ పటం వేశారు. ఆ తరువాత కొన్నేళ్లు ఆమెకు ఉత్తరాలు రాశారు. ఆయన 1978లో పోయారు. ఇప్పుడు ఒక తెలుగు ఛానల్ ఆయన జీవితం మీద సీరియల్ తీస్తోంది. ఆరు నెలల కిందట వాళ్ల మనుషులు మా ఇంటికి వచ్చి పటాన్ని, ఉత్తరాలను ఫొటోలు తీసుకుని, మా నాన్నగారి చేత ఒక ఇంగ్లీషు కాగితం మీద సంతకం చేయించుకున్నారు. మాకు ప్రతి ఇవ్వలేదు. గత వారం వచ్చిన ప్రోమోలో పర్లాకిమిడి బట్టల వ్యాపారి భార్యకు, చిత్రకారుడికి ప్రేమ అన్నట్టు చూపించారు. మా పటాన్నే చూసి వేయించిన నకలు తెర నిండా కనిపించింది. అదెవరో ఊళ్లో అందరికీ తెలిసిపోయింది. నానమ్మకు 86 ఏళ్లు. తాతగారు 1994లో వీలునామా రాయకుండా పోయారు. చిత్రకారుడి వారసుల అనుమతి ఉందని ఛానల్ అంటోంది. సీరియల్‌ను ఆపగలమా? దావాకు హైదరాబాద్ వెళ్లాలా? తాతగారి చిట్టాలో 'పటం నిమిత్తం రూ. 150' అని ఒక పద్దు ఉంది. అది దేనికైనా పనికొస్తుందా?

జవాబు: మీరు చివర్లో మొహమాటంగా అడిగిన ఆ 150 రూపాయల పద్దుతోనే మొదలుపెడతాను. మీ ఉత్తరంలో అంతకంటే విలువైన వాక్యం లేదు.

బొమ్మ వేసినవాడిదే కాపీరైటు అన్నది సాధారణ సూత్రం. 1957 కాపీరైటు చట్టంలోని 17వ సెక్షన్ దానికి ఒక మినహాయింపు పెట్టింది. ఎవరైనా డబ్బిచ్చి, అడిగి పటం వేయించుకుంటే, వేరే ఒప్పందమేదీ లేనప్పుడు తొలి హక్కుదారు వేయించుకున్న మనిషే. మీ తాతగారు 150 రూపాయలిచ్చి భార్య పటం వేయించుకున్నారని రుజువైతే, గోడకున్న పటమే కాదు, దాని కాపీరైటు కూడా మీ కుటుంబానిదే. చిత్రకారుడి వారసులు ఇచ్చిన అనుమతి ఈ పటం దాకా రాదు. తమది కాని హక్కును వాళ్లు ఇవ్వలేరు కదా.

ఈ హక్కు ఎన్నాళ్లు ఉంటుంది? చిత్రకారుడు మరణించిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. ఆయన పోయింది 1978లో కాబట్టి 2038 డిసెంబరు 31 వరకు. 1906లో పోయిన రవివర్మ బొమ్మలను, 1925లో పోయిన దామెర్ల రామారావు బొమ్మలను ఈ రోజు ఎవరు తెర మీద చూపినా అడిగేవారు లేరు. 1992లో కన్నుమూసిన వడ్డాది పాపయ్య బొమ్మలకు మాత్రం 2052 చివరి దాకా రక్షణ ఉంది. వాటిలో ఏది ఆయన వారసులది, ఏది వేయించుకున్న పత్రికది అన్నది మళ్లీ వేరే లెక్క.

పటం నేపథ్యంలో అలా కనిపించిందంతే అని ఛానల్ వాదించవచ్చు. సినిమాలోనో సీరియల్‌లోనో వెనక గోడ మీద యాదృచ్ఛికంగా కనిపించే బొమ్మకు 52వ సెక్షన్ మినహాయింపు ఇచ్చిన మాట నిజం. కాని నకలు వేయించి, తెర నిండా నిలబెట్టి, దాని చుట్టూ కథ అల్లిన తరువాత అది నేపథ్యం ఎలా అవుతుంది? నకలు వేయించడం కూడా ఉల్లంఘనే.

ఆ పద్దు ఇంకో పని కూడా చేస్తుంది. భర్త డబ్బు కట్టి, లెక్క రాసుకుని వేయించుకున్న పటాన్ని రహస్య ప్రేమకు గుర్తుగా చూపించడం ఎంత అసంబద్ధమో ఆ ఒక్క పంక్తి చెబుతుంది. 30 ఏళ్లు దాటిన పత్రం ఉండవలసిన చోటి నుంచే బయటికి వస్తే, అందులోని చేతిరాత రాసినవారిదేనని న్యాయస్థానం భావించవచ్చు. మీ చిట్టాకు 60 ఏళ్లు దాటాయి.

ఇక ఉత్తరాలు. ఇక్కడ మీకు నచ్చని మాట చెప్పాలి. ఉత్తరం కాగితం అందుకున్నవారిది, అందులోని మాటలు రాసినవారివి. చిత్రకారుడు మీ నానమ్మగారికి రాసిన ఉత్తరాల కాపీరైటు ఆయన వారసులదే. వాళ్లు అనుమతిస్తే కాపీరైటు పేరుతో మీరు అడ్డుపడలేరు. కాని ఆమె జవాబులు రాశారా? రాసి ఉంటే అవి ఆయన పెట్టెలో, ఇప్పుడు ఆయన వారసుల దగ్గర ఉండవచ్చు. ఆ మాటలు ఆమెవి. సీరియల్‌లో నాయిక చదివే వాక్యాలు మీ నానమ్మగారివైతే ఆ హక్కు ఇవాళ్టికీ ఆమెదే. ప్రోమోను ఈ దృష్టితో ఆమె పక్కన కూర్చుని మరోసారి చూడండి.

ఇప్పుడు అసలు బాధకు వద్దాం. ఒక మనిషి జీవితంలో జరిగిన సంగతులకు కాపీరైటు లేదు. చనిపోయినవారి గోప్యత హక్కు వారసులకు రాదని కూడా న్యాయస్థానాలు చెబుతున్నాయి. నటుడు సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ తండ్రి వేసిన దావాలో 2023లో ఢిల్లీ హైకోర్టు ఆ మాటే అంది. కాబట్టి చిత్రకారుడి జీవితం మీద సీరియల్ తీయడాన్ని మీరు ఆపలేరు. నా అభిప్రాయంలో ఆపకూడదు కూడా. కానీ మీ నానమ్మగారు బతికే ఉన్నారు. ఆమె గోప్యత ఆమెతోనే ఉంది. 1994లో తమిళనాడు హంతకుడు ఆటో శంకర్ ఆత్మకథ కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, ప్రభుత్వ రికార్డుల్లో ఉన్న సంగతులు మినహా ఒక వ్యక్తి వైవాహిక, కుటుంబ జీవితం గురించి అనుమతి లేకుండా ప్రచురిస్తే అది గోప్యతకు భంగమే. వివాదంలోకి తానే దిగినవారి సంగతి వేరు. 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా నిలబెట్టింది. ఇంటికి ప్రసిద్ధుడైన అతిథి వచ్చినంత మాత్రాన ఇల్లాలి జీవితం బహిరంగం కాదు. పేరు మార్చి, మొదట్లో 'అంతా కల్పితం' అని ఒక పలక వేసినా, ఊరు, వ్యాపారం, పటం కలిసి ఆమెను పట్టిస్తే ఆ పలక కాపాడదు.

అయితే ఆ దావా వేయవలసింది ఆమె. మీరు మనవడిగా ఎంత కోపంగా ఉన్నా ఆ హక్కు మీది కాదు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఊరివాళ్లు ఏమనుకుంటున్నారో ఉంది, నాన్నగారి బాధ ఉంది. నానమ్మగారు ఏమన్నారో ఒక్క ముక్క లేదు. ముందు ఆమెను అడగండి. ఆమె నవ్వి ఊరుకుంటే గోప్యత వాదం అక్కడితో ముగిసినట్టే.

నాన్నగారి సంతకం సంగతి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊళ్లో, ఇంట్లో ఎవరూ చదవని ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టడం చూస్తే ఆయన ఏమనేవారో! చదువు వచ్చినవారు చదవకుండా సంతకం చేశామంటే న్యాయస్థానం తేలిగ్గా ఒప్పుకోదు. అయినా ఆ సంతకం మీరు భయపడుతున్నంత పెద్దది కాదు. తాతగారు వీలునామా రాయలేదు కనుక హిందూ వారసత్వ చట్టం ప్రకారం పటం హక్కులో నానమ్మగారికి, నాన్నగారికి, మీకు మేనత్తలుంటే వారికి కూడా సమాన వాటా ఉంటుంది. ఉమ్మడి హక్కుదారుల్లో ఒకరు మిగతావారిని అడగకుండా అనుమతి ఇస్తే చెల్లదని 2008లో బొంబాయి హైకోర్టు చెప్పింది. కన్నతల్లి గోప్యతను కొడుకు సంతకం వదులుకోలేదు. లీగల్ నోటీసులో మొట్టమొదట ఆ కాగితం ప్రతి అడగండి.

నోటీసు ఈ వారమే వెళ్లాలి. ప్రోమో చూసి ఊరుకుని, ప్రసారానికి ముందు రోజు పరిగెత్తుకొచ్చినవారికి ఇంజంక్షన్, అంటే ప్రసారాన్ని ఆపే ఉత్తర్వు, దొరకడం కష్టం. 2024 మార్చిలో సుప్రీంకోర్టు కూడా విచారణకు ముందే ప్రచురణను ఆపే ఉత్తర్వులు యాంత్రికంగా ఇవ్వవద్దని కింది న్యాయస్థానాలను హెచ్చరించింది. అందుకే సీరియల్ మొత్తాన్ని ఆపమనకండి. పటం తీసేయాలి, ఊరి పేరు, వ్యాపారం మార్చాలి, ఆ ప్రేమ కథ ఈ కుటుంబాన్ని గుర్తుకు తెచ్చేలా ఉండకూడదు. ఇంతవరకే అడిగితే న్యాయమూర్తికి ఇవ్వడం సులువు, ఛానల్‌కు ఒప్పుకోవడం కూడా సులువే.

టీవీ సీరియల్‌కు సినిమాలా ముందస్తు సెన్సారు ఉండదు. కేబుల్ టీవీ నిబంధనల కింద ఛానల్‌కు ఫిర్యాదు రాస్తే 15 రోజుల్లో తేల్చాలి. అక్కడ తృప్తి కలగకపోతే ఛానళ్ల స్వీయ నియంత్రణ సంస్థకు వెళ్లవచ్చు. నోటీసుతో పాటే అదీ పంపండి.

హైదరాబాద్ వెళ్లనక్కర్లేదు. కాపీరైటు దావాను హక్కుదారు నివసించే చోటి జిల్లా కోర్టులో వేసుకునే వీలు 62వ సెక్షన్ ఇచ్చింది. దావా విలువ 3 లక్షలకు తగ్గకపోతే అది వాణిజ్య వివాదం అవుతుంది. అప్పుడు తక్షణ ఉత్తర్వు అడగకపోతే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లక తప్పదు. మీరు అడిగేది తక్షణ ఉత్తర్వే. తెలుగు చిట్టాకు, ఉత్తరాలకు అనువాదం జతచేయాలి. నానమ్మగారి అఫిడవిట్ ఏ భాషలో ఉన్నా, తెలుగులో ఆమెకు చదివి వినిపించినట్టు దాని మీదే రాయించండి.

పరువు నష్టం కింద క్రిమినల్ కేసు పెట్టమని ఎవరైనా ఉత్సాహపరిస్తే వినకండి. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ ఉంది, నిజమే. కాని 86 ఏళ్ల మనిషిని బోనులో నిలబెట్టి ఆ ఉత్తరాల గురించి ఎదుటి వకీలు అడిగే ప్రశ్నలు ఆ సీరియల్ కంటే అన్యాయంగా ఉంటాయి.

ప్రోమోను ఇప్పుడే పెన్‌డ్రైవ్‌లో భద్రపరచండి, రేపు తీసేయవచ్చు. చిట్టాలో ఆ పేజీని మాత్రం విడదీయకండి. భద్రంగా ఉంటుందని లామినేషన్ చేయించకండి. పుస్తకాన్ని పుస్తకంగానే, అట్టతో సహా మీ న్యాయవాది దగ్గరికి తీసుకెళ్లండి.