కత్తి తప్పినా ఏదో ఒకటి జరగాలి

"డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి, పాత్రలు వేసుకుని డైస్‌తో కథ నడిపే ఆటలు ఆడే మా గ్రూపులో కత్తియుద్ధం వచ్చిందంటే అందరూ గడుల్లో పాతుకుపోయి నీ వంతు, నా వంతు అని డైస్ వేసుకోవడమే. ఊపు రావాలంటే ఏ హౌస్ రూల్స్ (మనం సొంతంగా కలుపుకునే రూల్స్) పెట్టుకోవాలి?" అని కదా మీ ప్రశ్న. దీనికి ఎక్కడ చూసినా రెండే సలహాలు కనిపిస్తాయి. ఒకటి క్రిటికల్ హిట్ టేబుల్, అంటే డైస్ బాగా పడ్డ దెబ్బకు అదనంగా ఏం జరగాలో చెప్పే పట్టిక, పెట్టుకోమని, రెండోది దెబ్బను అందంగా వర్ణించమని. రెండూ దండగే. వర్ణన మొదటి పది నిమిషాలు బాగానే ఉంటుంది. నాలుగో రౌండుకల్లా డీఎం (కథ నడిపి, శత్రువులను ఆడించేవాడు) గొంతు ఎండిపోతుంది, ఆడేవాళ్లు "సరే గానీ, తగిలిందా లేదా" అంటారు. వాళ్లు అన్నదాంట్లో తప్పేం లేదు, ఎంత బాగా వర్ణించినా బోర్డు మీద ఏమీ మారలేదు కదా.

మాది హనుమకొండ. ఇంట్లోవాళ్లమే కూర్చుని ఆడతాం. నేను డీఎం, మా తమ్ముడు (పిన్ని కొడుకు) ఫైటర్, మా అక్క కూతురు రోగ్ (మాటుగా పొడిచే దొంగ), కాజీపేట నుంచి వచ్చే మా బావ విజార్డ్ (మంత్రగాడు). ఆడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్, 2014 నాటి రూల్స్. కాబట్టి నేను చెప్పే లెక్కలన్నీ దానివే, మీరు వేరే గేమ్ ఆడుతుంటే అంకెలు మార్చుకోండి.

దగ్గరి పోరు బోర్ కొట్టేది దెబ్బలు చిన్నవని కాదు, ఎవరూ కదలరు కాబట్టి. కదలకుండా చేస్తున్నది రూల్సే. శత్రువుకు అందే దూరం నుంచి బయటికి అడుగేస్తే వాడికి ఊరికే ఒక దెబ్బ, అదే ఆపర్చునిటీ ఎటాక్. అది తప్పించుకోవాలంటే డిసెంగేజ్ చేయాలి, దానికి మీ టర్న్‌లో ఉన్న ఒక్కగానొక్క యాక్షన్ పోతుంది. ఇంక బుర్ర ఉన్నవాడెవడైనా ఏం చేస్తాడు, ఉన్నచోటే నిలబడి కొడతాడు. ఓగర్ అనే పెద్ద రాక్షసుడినే తీసుకోండి. ఏసీ, అంటే దెబ్బ తగలాలంటే చేరాల్సిన అంకె, 11. హిట్ పాయింట్లు, అంటే ప్రాణం, 59. మూడో లెవల్ ఫైటర్ ఇరవై ముఖాల డైస్‌కు +5 కలుపుకుని కొడితే, డైస్ మీద 6, ఆపైన ఏది పడ్డా తగులుతుంది. లాంగ్‌స్వర్డ్ డ్యామేజ్ 1డీ8+3, అంటే ఎనిమిది ముఖాల డైస్ వేసి 3 కలపడం, సగటున ఏడున్నర. తప్పిన వేట్లు కూడా కలుపుకుంటే, ఒక్కడే కొట్టి పడగొట్టడానికి పది పదకొండు వేట్లు కావాలి. ప్రతిసారీ అదే తంతు, తగిలిందా, ఎంత, తీసెయ్, నెక్స్ట్.

దీనికి పాత కారణం ఒకటుంది. ఈ ఆట 1974లో వచ్చింది, బొమ్మ సైన్యాలతో ఆడే యుద్ధక్రీడల్లోంచి పుట్టింది. ఆ తర్వాత వచ్చిన అడ్వాన్స్‌డ్ రూల్స్‌లో ఒక రౌండ్ అంటే ఒక నిమిషం. ఆ నిమిషంలో బోలెడు తోపులాట, ఎగబడటం, వెనకడుగు అన్నీ జరుగుతాయని, మనం వేసే ఒక్క డైస్ వాటన్నిటికీ కలిపి అని లెక్క. ఐదో ఎడిషన్‌లో రౌండ్ 6 సెకన్లు. టైమ్ కుదించారు, డైస్ మాత్రం అదే ఉంచారు, ఆ తోపులాట కాస్తా గాలికి పోయింది. నా హౌస్ రూల్స్ అన్నీ ఆ తోపులాటను మళ్లీ బోర్డు మీదికి తేవడానికే.

కబడ్డీ చూడండి. కూతకు వెళ్లినవాడు ఎవరినీ ముట్టకపోయినా ఎదుటి ఏడుగురూ కదులుతారు. కార్నర్‌లో ఉన్నవాడు మడమ పట్టాలా, గీత దాకా తగ్గాలా అని అరక్షణంలో తేల్చుకోవాలి. 30 సెకన్ల కూతలో ఒక్క పాయింట్ రాకపోయినా చూసేవాళ్లు కన్నార్పరు. ఎందుకంటే కూత పెట్టినవాడు ప్రతి అడుగులోనూ ఎదుటివాడు ఒక నిర్ణయం తీసుకునేలా చేస్తున్నాడు. కత్తియుద్ధంలో నాకు కావాల్సిందీ అదే.

అందుకే మా ఇంట్లో ముఖ్యమైన రూల్ ఇది. కొట్టిన దెబ్బ ఏసీకి మూడు లోపు తేడాతో తప్పితే, అది ఉత్తిగా తప్పినట్టు కాదు. తప్పించుకున్నవాడు ఒక గడి వెనక్కి తగ్గాలి, లేదా కొట్టినవాడి ప్రొఫిషియెన్సీ బోనస్ (నైపుణ్యానికి లెవల్‌ను బట్టి వచ్చే అంకె) అంత డ్యామేజ్ తినాలి. ఏది అన్నది తప్పించుకున్నవాడి ఇష్టం. ఆ ఇష్టం వాడికివ్వడంలోనే మజా అంతా ఉంది. కొట్టినవాడికి ఇస్తే ఎప్పుడూ డ్యామేజే తీసుకుంటాడు, మళ్లీ మొదటికొస్తుంది.

దెబ్బ తగిలితే డ్యామేజ్‌తో పాటు కొట్టినవాడు ఎదుటివాడిని ఒక గడి నెట్టొచ్చు, లేదా వాడి పక్కనుంచి దూరి అవతలికి పోవచ్చు. తనకంటే పెద్ద సైజువాడిని నెట్టలేడు, దూరడం మాత్రం కుదురుతుంది. ఇంక ఆపర్చునిటీ ఎటాక్ అందరికీ ఉండదు, ఫైటర్లకు, ఈటెలాంటి పొడుగు ఆయుధం పట్టినవాళ్లకే. ఇదేదో ఆటను పాడుచేసే తెగింపు అనుకోకండి. 2019లో వచ్చిన పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లో మొదటి లెవల్ నుంచే అది దక్కేది ఫైటర్‌కే, రాక్షసుల్లో చాలామందికి అసలు ఉండదు. ఆ ఆటలో జనం బోర్డంతా తిరుగుతారు. పైగా అందులో టర్న్‌కు మూడు యాక్షన్లు, ఒకే టర్న్‌లో రెండో దెబ్బకు -5, మూడోదానికి -10 కోత ఉంటుంది కాబట్టి, మూడో యాక్షన్‌ను జరగడానికో, డాలు ఎత్తడానికో, బెదిరించడానికో వాడతారు. మంచి ఆలోచన అది.

ఇంకొకటి, పెద్ద శత్రువు వచ్చే టర్న్‌లో ఏం చేయబోతున్నాడో డీఎం ముందే పైకి చెప్పేయాలి. దాచిపెడితే టెన్షన్ పెరుగుతుందనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఒప్పుకోను. తెలిస్తేనే టెన్షన్, తెలియకపోతే అది డైస్ దయ.

ఇవన్నీ కలిస్తే ఎలా ఉంటుందో ఒక ఫైట్ చెబుతాను. మా కథ 1323 ముట్టడి నాటి ఓరుగల్లు లాంటి కోటలో నడుస్తోంది. శత్రువులు మట్టికోట దాటారు, అగడ్త దాటారు, రాతికోట మీదికి ఎక్కేశారు. ఖిల్లా వరంగల్‌లో ఆ గోడ మీదికి లోపలివైపు నుంచి రాతిమెట్లు ఉంటాయి, చిన్నప్పటి నుంచి ఎక్కి దిగినవే కాబట్టి మ్యాప్ గీయడానికి నేనేమీ వెతుక్కోలేదు. గోడ మీద దారి రెండు గడుల వెడల్పు, ఒక పక్క లోపలికి దిగే మెట్లు. దారికి అడ్డంగా ఓగర్, అంటే ఓగర్ అంకెలు తీసుకుని నేను పేరు మార్చిన ఒక బండరాక్షసుడు. వాడికి కొబ్బరినూనె డబ్బా మూత పెట్టాను, కింద మెట్ల మీద ఉన్న ఈటెగాళ్లకు రెండు చింతగింజలు. ఇక్కడ ఏ షాపులో డీ20 (ఇరవై ముఖాల డైస్) అడిగినా లూడో డైస్ చేతిలో పెడతారు, మినియేచర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. డైస్ అయితే ఆన్‌లైన్‌లో తెప్పించుకోక తప్పదు గానీ బొమ్మలకు మూతలు, గింజలు చాలు, డబ్బులు పోసి కొనకండి.

చాలాసేపు కొట్టుకున్నాక నా కాగితం మీద వాడికి మిగిలినవి కొద్ది హిట్ పాయింట్లే. అది నాకొక్కడికే తెలుసు. వాళ్లకు చెప్పింది మాత్రం, "వాడు గద రెండు చేతులా ఎత్తాడు, వచ్చే టర్న్‌కి ముందున్న రెండు వరసలూ ఊడ్చేస్తాడు" అని. ఆ వరసల్లో ఉన్నది తమ్ముడు, బావ, అక్క కూతురు, అంటే ముగ్గురూ. ముందు పిల్ల షార్ట్‌స్వర్డ్‌తో పొడిచింది. ఆ దెబ్బతోనే వాడు రెండుకు దిగాడు, తగిలింది కాబట్టి వాడి కాళ్ల పక్కనుంచి దూరి వెనక తేలింది. తమ్ముడి వేటు పెద్ద తేడాతోనే తప్పింది. అయినా రాక్షసుడి చేతిలో ఉన్నది గదే గానీ ఈటె కాదు, కాబట్టి జరిగితే ఉచిత దెబ్బ భయం లేదు. పిల్ల వెనక నుంచి అరుస్తోంది, "చిన్నమామా, జరుగు, నువ్వు బయటికి జరుగు!" తమ్ముడు డాలు అడ్డం పెట్టుకుని రెండు వరసలు దాటి వెనక్కి వచ్చేశాడు. ముందర బావ ఒక్కడే మిగిలాడు.

మా బావ సంగతి చెప్పాలి. పాత రూల్స్‌తో ఆడినప్పుడు స్పెల్స్ అయిపోగానే ఫోన్ తీసి క్రికెట్ స్కోరు చూసుకునేవాడు, "నా వంతు వచ్చినప్పుడు చెప్పుండ్రి" అని. ఆ రోజు ఫోన్ బోర్లా పెట్టి ఉంది. "స్పెల్స్ అయిపోయినయ్ రా, ఇగ నేనేం జెయ్యాలె?" అన్నాడు. "చేతిల కట్టె ఉంది గదా నాన్నా, కొట్టు!" అంది కూతురు. పారిపోవచ్చు, దారి ఉంది, పోలేదు. కట్టెతో కొట్టాడు. డైస్ మీద 8, ఆయనకు అన్నీ పోను కలిసేది +1, మొత్తం 9. ఏసీ 11. తప్పింది, రెండు తేడాతో.

మామూలు రూల్స్‌లో అయితే అక్కడితో సరి, నెక్స్ట్ అనేవాళ్లం. కానీ మా రూల్ ప్రకారం ఇప్పుడు నిర్ణయం నాది. మూడో లెవల్‌లో ప్రొఫిషియెన్సీ బోనస్ రెండు, వాడికి మిగిలినవీ రెండే. తింటే చచ్చాడు. తగ్గుదామంటే వెనక గడిలో పిల్ల ఉంది, ఖాళీ ఉన్నది మెట్లవైపే. మూతను మెట్ల మీదికి జరిపాను. మెట్ల మీద వెనకడుగు వేస్తే డెక్స్టెరిటీ సేవ్ (కాలు నిలదొక్కుకోవడానికి వేసే డైస్) వేయాలి, అది తప్పితే కింద పడటమే. నేను డైస్ అందరి ముందే వేస్తాను, 4 పడింది. "పడ్డడా లేదా చెప్పు బామ్మర్దీ" అని బావ కుర్చీలోంచి లేచేశాడు. పడ్డాడు, పైకి వస్తున్న ఈటెగాళ్ల మీదే పడ్డాడు. ఎత్తిన గద గోడ మీదున్న బావను ఊడ్చాల్సింది కాస్తా చేతిలోంచి జారిపోయింది. ఈటెగాళ్లకు మొరేల్ (ధైర్యం నిలుస్తుందా లేదా అన్న పరీక్ష) వేశాను. 1981 నాటి బేసిక్ రూల్స్‌లో ఉన్న పద్ధతి అది, రెండు మామూలు డైస్ వేసి, వాళ్ల మొరేల్ అంకె దాటితే పారిపోతారు. వాళ్లది 7, పడింది 9. ఈటెలు పారేసి అగడ్తవైపు పరుగు. పిల్ల మెట్లు దిగి ఓగర్ పని ముగించింది. ఇంటిల్లిపాదీ అరుపులు, వంటింట్లోంచి మా అక్క వచ్చి ఏమైందని అడిగింది.

ఒక్క తప్పిన దెబ్బ, జీరో డ్యామేజ్, ఫైట్ మొత్తం తిరిగింది. ఏ క్రిటికల్ టేబుల్ ఇది ఇస్తుందో చెప్పండి.

టేబుల్ అంటే గుర్తొచ్చింది, దయచేసి ఫంబుల్ టేబుల్ జోలికి పోకండి. 1 పడితే కత్తి జారిపోవడం, సొంత కాలు నరుక్కోవడం, నవ్వుకోవడానికి బాగుంటుందని పెడతారు. లెక్క వేసి చూడండి. ఒక్క దెబ్బ కొట్టేవాడికి టర్న్‌లో 1 పడే అవకాశం 5 శాతం. పదకొండో లెవల్ ఫైటర్ మూడు దెబ్బలు కొడతాడు, ఎక్కడో ఒకచోట 1 పడే అవకాశం 14 శాతం. ఇరవయ్యో లెవల్‌లో నాలుగు దెబ్బలకు 18 దాటుతుంది. అంటే కత్తి పట్టడంలో ఎంత ఆరితేరితే అంత ఎక్కువగా కత్తి జారవిడుస్తాడన్నమాట. అదే వేళకు విజార్డ్ తగిలిందా లేదా అని డైస్ వేయకుండానే ఫైర్‌బాల్ విసిరి కూర్చుంటాడు, సేవ్ వేసే పని కూడా ఎదుటివాళ్లదే. ఫైటర్ ఆడేవాడికి ఇంత అన్యాయం చేసే రూల్ ఇంకోటి లేదు, అయినా దీన్ని తరతరాలుగా నెత్తిన పెట్టుకుంటున్నారు.

2014 డీఎం పుస్తకంలోని ఫ్లాంకింగ్ రూల్ కూడా వద్దు. శత్రువుకు అటూ ఇటూ నిలబడితే చాలు అడ్వాంటేజ్ (రెండు డైస్ వేసి పెద్దది తీసుకోవడం) అంటుంది. దాంతో ఒకసారి ఎదురెదురు గడులు దొరికాక మళ్లీ ఎవరూ కాలు కదపరు. ఏ రోగం తగ్గాలో అదే పెరుగుతుంది.

వేరే ఆటల నుంచి ఎత్తుకోవాలంటే డంజన్ క్రాల్ క్లాసిక్స్‌లో వారియర్‌కు ఉండే డీడ్ డైస్ బాగుంటుంది. దెబ్బతో పాటు ఇంకో చిన్న డైస్, అది 3 గానీ ఆపైన గానీ పడి, దెబ్బ కూడా తగిలితే ముందే చెప్పిన విన్యాసం జరిగిపోతుంది, కళ్లలో మట్టి కొట్టడం, డాలు లాగేయడం, ఏదైనా. 2024లో సవరించిన డి అండ్ డి రూల్స్‌లోనూ ఆయుధాలకు మాస్టరీలు పెట్టారు, వార్‌హామర్‌తో కొడితే 10 అడుగులు నెట్టొచ్చు, మాల్ అనే పెద్ద సమ్మెటతో కొడితే పడేయొచ్చు. ఆ రూల్స్ ఆడేవాళ్లు నా నెట్టుడు రూల్ తీసేయండి, రెండూ కలిస్తే శత్రువు బోర్డు దాటి పోతాడు. తప్పిన దెబ్బ రూల్ మాత్రం ఉంచుకోండి.

ఇన్ని పెడితే ఆట నెమ్మదిస్తుందని కొందరంటారు. మా దగ్గర ఫైట్లు త్వరగానే అయిపోతున్నాయి, చివరి హిట్ పాయింట్ దాకా ఎవరూ నిలబడరు కాబట్టి, సగంలోనే పారిపోతారు. అయినా అన్నీ ఒకేరోజు పెట్టకండి. ముందు తప్పిన దెబ్బ రూల్ ఒక్కటే పెట్టి రెండు మూడు వారాలు ఆడండి. బాణాలకు వర్తించదని మొదటే చెప్పండి, లేకపోతే అందరూ విల్లు పట్టుకుని దూరంగా నిలబడతారు. శత్రువులకూ అదే రూల్ వాడండి, వాళ్ల డ్యామేజ్‌కు రెండు అనుకుంటే చాలు.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఖాళీ మైదానంలో ఫైట్ పెడితే ఈ రూల్స్ దేనికీ పనికిరావు. ఒక గడి వెనక్కి తగ్గితే ఏమవుతుంది అన్నదానికి బోర్డు మీద జవాబు ఉండాలి. మెట్లో, గట్టో, దిగుడుబావో, మండుతున్న గడ్డివామో ఏదో ఒకటి గీయండి, అదీ శత్రువు నిలబడే చోటికి రెండు గడుల్లోపు.