ఇంజిన్ దించకుండా మేనిఫోల్డ్ మార్చొచ్చా?

ప్రశ్న: మా కారు పదమూడేళ్ల పాతది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజిన్ దగ్గర టిక్కు టిక్కుమని చప్పుడొస్తుంది. కాస్త దూరం నడిపితే తగ్గిపోతుంది. ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ (ఇంజిన్ పొగను సైలెన్సర్ గొట్టానికి చేర్చే ఇనుప భాగం) పగిలిందని, ఇంజిన్ దించితే తప్ప మార్చలేమని మెకానిక్ అంటున్నారు. వేరే దారి లేదా? స్పానర్లు పట్టిన అలవాటు నాకుంది.

జవాబు: ఉందండీ. చాలా కార్లలో ఇంజిన్ బండిలో ఉండగానే మేనిఫోల్డ్ ఊడొస్తుంది. మీరు చెప్పిన చప్పుడు దాని గుర్తే. చల్లగా ఉన్నప్పుడు చీలిక తెరుచుకుని ఉంటుంది, ఇనుము వేడెక్కి సాగేసరికి మూసుకుంటుంది. అయినా విప్పే ముందు టార్చి వేసి మసి ఎక్కడుందో చూడండి. మేనిఫోల్డ్ ఒంటి మీద నల్లటి చార ఉంటే చీలికే. హెడ్డుతో, అంటే ఇంజిన్ పై భాగంతో, కలిసే అంచున ఉంటే మధ్యలో పొగ లీకవకుండా వేసే ప్యాకింగ్ పోయిందో, స్టడ్ (హెడ్డులో దిగి ఉండే, నట్టు ఎక్కించే మరల కడ్డీ) విరిగిందో అయ్యుండొచ్చు.

మేనిఫోల్డ్ తీయడం పెద్ద పని కాదు. ఏళ్ల తరబడి ఆ వేడిలో కాలి, తుప్పుతో బిగుసుకుపోయిన నట్లను స్టడ్లు విరగకుండా విప్పడమే అసలు పని. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక సాయంత్రం తొందరపడి, హ్యాండిల్‌కి పొడుగు పైపు తగిలించి లాగాను. రాయిలా ఉన్న నట్టు ఒక్కసారిగా మెత్తబడి, రబ్బరు మెలేసినట్టు తిరిగింది. వదిలిందని సంతోషపడ్డాను. తిరిగింది నట్టు కాదు, స్టడ్డే మెలిపడింది. హెడ్డు మట్టానికి తెగిపోయింది. ఆ ముక్క తీయడానికి మర్నాడంతా పట్టింది. మీ చేతికి ఆ మెత్తదనం తగిలితే అక్కడే ఆగిపోండి.

ముందు రోజు రాత్రి, ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ప్రతి స్టడ్ మొదట్లో తుప్పు వదిలించే నూనె కొట్టండి. పొద్దున ఇంకోసారి. సాకెట్ ఆరు మూలలదే వాడండి, పన్నెండు మూలలది తుప్పు నట్టు మీద జారి మూలలు అరగదీస్తుంది. ముందు రవ్వంత బిగించి, తర్వాత వదులు చేయండి. పావు చుట్టు తిప్పి వెనక్కి తెచ్చి, మళ్లీ నూనె. అయినా కదలకపోతే గ్యాస్ మంటతో నట్టు కాల్చే పని వర్క్‌షాపుకే వదిలేయండి. నట్ల చుట్టూ మీరు కొట్టిన నూనె ఉంటుంది, దగ్గర్లో పెట్రోల్ పైపు కూడా ఉండొచ్చు. విరిగిన స్టడ్ ముక్క బయటికి ఉంటే దాని మీద కొత్త నట్టు పెట్టి వెల్డింగ్ చేస్తే ఆ వేడికే చాలాసార్లు వదులుతుంది.

బ్యాటరీ నెగటివ్ వైరు ముందే తీసేయండి. ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్ కొలిచేది) విప్పే ముందు కనెక్టర్ ఊడదీయండి, లేకపోతే వైరు మెలితిరిగి తెగుతుంది.

మేనిఫోల్డ్ ఇంజిన్ వెనక, డ్యాష్‌బోర్డు గోడ వైపు ఉందా? ఇంజిన్ దించాలనే మాట ఎక్కువగా అలాంటి బళ్లకే వస్తుంది. కింది నుంచి చెయ్యి పెట్టి చూడండి. చోటు చాలకపోతే సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) కింద చెక్క పెట్టి జాకీతో బరువు ఆపి, పైన ఇంజిన్‌ని బండికి పట్టి ఉంచే మౌంట్ బోల్టు తీసి ఇంజిన్‌ని కాస్త ముందుకు వాల్చొచ్చు. గొట్టాలు, వైర్లు ఎక్కడా లాక్కోకుండా చూసుకోండి. బండి కిందికి దూరాలంటే స్టాండ్లు ఉండాల్సిందే, జాకీని నమ్మి దూరకండి.

బిగించే ముందు హెడ్డు ముఖం మీద పాత ప్యాకింగ్ ముక్క ఒక్కటీ లేకుండా గీకండి. హెడ్డు అల్యూమినియం అయితే గీతలు పడకుండా నెమ్మదిగా. కొత్త మేనిఫోల్డ్ మీద ఉక్కు స్కేలు నిలబెట్టి కింద వెలుగు కనిపిస్తుందేమో చూడండి, కనిపిస్తే ముఖం సమంగా లేనట్టే. కొత్త ప్యాకింగే వేయండి, సిలికాన్ పూయొద్దు, ఆ వేడికి నిలవదు. నట్లు మధ్య నుంచి చివరలకు, మూడు విడతల్లో, మాన్యువల్ చెప్పిన టార్క్‌కి (బిగింపు కొలతకి) బిగించండి.

మొదటిసారి స్టార్ట్ చేసేది ఆరుబయటే. లీకైతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు. కొద్ది నిమిషాలు పొగ వస్తే భయపడకండి, మీరు కొట్టిన నూనె కాలుతోంది. మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్‌ని స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి వినండి. టిక్కు వినబడకపోతే పని అయినట్టే.