పెళ్లికి మూడు వారాల ముందు మైక్రోబ్లేడింగ్ వద్దు

చెల్లీ, కనుబొమలు పలచగా ఉన్నాయి, మూడు వారాల్లో పెళ్లి, విజయనగరంలోనే మైక్రోబ్లేడింగ్ (సన్నటి సూదులతో బొమల చర్మంలో వెంట్రుకల్లాంటి గీతలు గీసి రంగు నింపడం) చేయించుకోనా అని అడిగావు కదా. ఇప్పుడు మాత్రం వద్దమ్మా.

నేను రెండేళ్ల కిందట చేయించుకున్నాను. మొదటి వారం బొమలు బొగ్గుతో దిద్దినట్టు నల్లగా ఉన్నాయి. తర్వాత సన్నటి పొక్కులు కట్టి రాలాయి. గోకకుండా ఉండటానికి నా తిప్పలు అమ్మవారికే తెలుసు! పొక్కు రాలాక రంగు వెలిసినట్టు కనిపిస్తుంది, అసలు రంగు తేలడానికి నెల పైనే పడుతుంది. 6 వారాలకు టచప్, అంటే వెలిసిన చోట రంగు మళ్లీ దిద్దడం. అంటే నీ పెళ్లి ఫొటోలు సరిగ్గా ఆ మధ్యలో పడతాయి.

లాభం లేదనను. పైడితల్లి సిరిమానోత్సవంలో ఆ జనంలో చెమటలు కారినా బొమలు చెదరలేదు. కానీ జిడ్డు చర్మమైతే రంగు త్వరగా వెలుస్తుంది. నా బొమల రంగు ఇప్పుడు కాస్త ఎర్రబారింది.

పెళ్లికి వాటర్‌ప్రూఫ్ పెన్సిల్ చాలు, ముఖానికి పట్టే మేకప్‌తో కలిపి ముందే ఒకరోజు వేసి చూసుకో. తర్వాత చేయించుకుంటే ప్యాచ్ టెస్ట్ (ఆ రంగు ఒంటికి పడుతుందో లేదో ముందు కాస్త పెట్టి చూడటం) అడుగు, సూది ప్యాకెట్ నీ ఎదుటే విప్పమను. గాయాల మచ్చలు ఉబ్బే ఒళ్లయితే ముందు చర్మ డాక్టరుకి చూపించు.