కారుకు వెనక డిస్క్ బ్రేకులు వేశాక బ్రేక్ పెడల్ మెత్తగా ఉంటే...

బ్రదర్, వెనక డ్రమ్ములు తీసి డిస్కులు వేయించాక ఎన్నిసార్లు బ్లీడింగ్ (బ్రేక్ పైపుల్లోని గాలిని బయటికి తీయడం) చేసినా పెడల్ మెత్తగానే దిగిపోతోందన్నారు కదా. కొత్త మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ను బ్రేకులకు నెట్టే భాగం) కొనేముందు, డిస్కును పట్టి ఆపే క్యాలిపర్ల మీద బ్లీడర్ నిపుల్ (గాలిని బయటికి వదిలే చిన్న స్క్రూ) ఎటుందో చూడండి. అది పైవైపే ఉండాలి. కుడి, ఎడమ క్యాలిపర్లు తారుమారైతే నిపుల్ కిందికి వస్తుంది, గాలి పైన చిక్కుకుని ఎంత ఫ్లూయిడ్ పోసినా బయటికి రాదు. నా పాత కారుకు మా మెకానిక్ సరిగ్గా ఇదే చేశాడు, మూడు డబ్బాల ఫ్లూయిడ్ దండగ!

హ్యాండ్‌బ్రేక్ కేబుల్ క్యాలిపర్‌కే తగిలించే రకమైతే చాలావాటిలో బ్రేక్ ప్యాడ్‌ను నెట్టే పిస్టన్ ఊరికే నొక్కితే లోపలికి పోదు, తిప్పుతూ నొక్కాలి. కేబుల్ బిగింపు మాత్రం అన్నీ అయ్యాక చివర్లో.

గట్టిగా తొక్కినప్పుడు ముందు చక్రాలకంటే వెనకవే ముందు లాక్ అవుతుంటే ప్రొపోర్షనింగ్ వాల్వ్‌ను (వెనక బ్రేకులకు వెళ్లే ఒత్తిడిని తగ్గించేది) సర్దడమో మార్చడమో చేయాల్సి రావచ్చు.