నేల కింద కథ రాస్తున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

నీ స్క్రీన్‌ప్లే అందింది. గుప్తనిధుల కోసం వచ్చిన ఐదుగురు నంద్యాల జిల్లా బెలుం గుహల వంటి సున్నపురాతి గుహలో చిక్కుకునే వరకు నువ్వు రాసిన తీరు నాకెంతో నచ్చింది. అయితే దారి మూసుకుపోయిన మరుక్షణమే చీకట్లోంచి ఒక వికృతాకారాన్ని దూకించి, అక్కడి నుంచి కథనంతా పరుగులతో, తుపాకి కాల్పులతో నింపేశావు. ఆ పోరాటాలు ఏ పాడుబడ్డ గోదాములోనైనా జరగవచ్చు. నేల కిందే జరిగి తీరవలసిన కారణం వాటిలో నాకు కనిపించలేదు.

ముందు గాలి సంగతి ఆలోచించు. బయటి గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం, కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం ఉంటాయి. గాలి ఆడని చోట మనుషులు ఊపిరి పీల్చేకొద్దీ మొదటిది తగ్గి రెండోది పెరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ 3, 4 శాతానికి చేరేసరికే ఆయాసం, తలనొప్పి మొదలవుతాయి, 10 శాతం దరిదాపులకు వస్తే మనిషి స్పృహ తప్పుతాడు. పైగా ఆ వాయువు గాలి కన్నా బరువైనది కనుక పల్లంలో పేరుకుంటుంది. అంటే లంకెబిందెల కోసం గోతిలోకి దిగినవాడే అందరికంటే ముందు కూలిపోవచ్చు. ఈ సంగతి ప్రేక్షకుడికి ముందే తెలిస్తే, గునపం పడిన ప్రతి దెబ్బా అతన్ని భయపెడుతుంది. నీ కథానాయకుడు కలబడి గెలిచాడంటే అతనే ఎక్కువ రొప్పాలి, ఆ రొప్పు మిగతా నలుగురి ఊపిరిని తినాలి. వికృతాకారాన్ని ఆ తరువాత తీసుకురా. గాలి చెడినప్పుడు మనసూ మసకబారుతుంది కాబట్టి, దాన్ని మొదట చూసినవాడి మాట నమ్మాలో వద్దో తోటివారికి పాలుపోదు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విషయం ఇంకొకటి ఉంది. 2018లో థాయ్‌లాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలో 12 మంది పిల్లలు, వాళ్ల ఫుట్‌బాల్ కోచ్ వరద నీటి వల్ల చిక్కుకున్నప్పుడు, గుహ దగ్గర వదిలిన సైకిళ్లను బట్టి వాళ్లు లోపల ఉన్నారని బయటివాళ్లు గ్రహించారు. నీ మనుషులకు ఆ ఆశ లేదు. మన దేశంలో 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. అది ఇష్టం లేకనే వాళ్లు ఇంట్లో అబద్ధం చెప్పి, జీపును తుమ్మచెట్ల చాటున దాచి, గుహద్వారాన్ని కంపతో కప్పి దిగి ఉంటారు. వెతకడానికి వచ్చినవాడు పక్కనుంచే నడిచినా అక్కడ ఆగడు. వాళ్ల ప్రాణం మీదికి తెచ్చినది ఈ దాపరికమే, కానీ నీ ప్రతిలో దాని ఊసే లేదు.

ఆ కంప ఎవరు కప్పారో మొదటి సన్నివేశంలో చూపించు. లోపల గాలి తగ్గుతున్నప్పుడు, బయట తమ జాడ ఏదీ మిగల్లేదన్న నిజాన్ని అతని నోటనే చెప్పించు. ఆ రెండు సన్నివేశాలు రాసి పంపితే మిగతా స్క్రీన్‌ప్లే గురించి తరువాత మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య